భయస్థుల పాటలు వినిపించిన గంగాధర్ సార్

మా గంగాధర్ సార్ ఇక లేరు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

జక్రాన్‌పల్లిలో నేను పనిచేసే బడిలో ఉదయం ప్రార్థన ముగిసి, పిల్లలు వరుసలు కట్టి తరగతులకు వెళుతున్నారు. ఫోన్ మోగింది. తెర మీద సార్ పేరు. తలకు జరిగిన ఆపరేషన్ తర్వాత సార్‌కు రెండు చెవులూ వినిపించడం లేదు. ఆయన ఎవరికీ ఫోన్ చేయరు. ఎత్తితే వినిపించింది సార్ భార్య లలితమ్మ గొంతు.

"సుజాతా, సార్ పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ ఇద్దామని లేపిన. లేవలే."

దుఃఖం తర్వాత వచ్చింది, బోధన్ వెళ్ళే బస్సులో. ముందు వచ్చింది మాత్రం భయమే. పరుగెత్తుతున్న బస్సులో తలెత్తి చూస్తే డ్రైవర్ సీటు ఖాళీగా కనిపిస్తే ఎలా ఉంటుందో అలాంటి భయం. పిల్లలు తరగతిలో నా కోసం ఎదురుచూస్తున్నారు. నేను వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయాను.

సార్‌ను ఎరగని వారికి ఆయన గురించి చెప్పాలి. గంగాధర్ సార్ బోధన్‌లో ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో కెమిస్టుగా పనిచేశారు. సాయంత్రాలు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోని తమ ఇంట్లో ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవారు. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ పాఠాలే ఆయన జీవనాధారం. ఊళ్ళో ఆయనకు 'పిరికి సార్' అని పేరు. అది నిందారోపణ కాదు, యథార్థం. ఉరిమితే ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, కాళ్ళు పైకి ముడుచుకుని మంచం మీద కూర్చునేవారు. కుక్క కనబడితే సందు మార్చేవారు. చెరుకు కోతల కాలంలో ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే రోడ్డు దాటలేక అవతలి పక్కనే ఉండిపోయేవారు. ఇవతల మేము పుస్తకాలు పట్టుకుని ఎదురుచూసేవాళ్ళం. ఒకనాడు నా సహాధ్యాయిని రెహానా విసుగొచ్చి అవతలికి వెళ్ళి, సార్ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. "షుక్రియా బేటా" అన్నారాయన, ఎలాంటి సంకోచమూ లేకుండా. భయం ఉన్నందుకు సిగ్గుపడని మనిషిని నేను చూడటం అదే మొదలు.

అలాంటి మనిషి దగ్గరికి ఆ పాటలు రావడం విచిత్రమే. లలితమ్మ తమ్ముడు రాజన్న అప్పట్లో దుబాయ్‌లో కూలిపని చేసేవాడు. కూలీలు ఉండే క్యాంపులో అతని పక్క మంచం ఫిలిప్పీన్స్ దేశస్థుడిది. ఆ మనిషికి పాశ్చాత్య సంగీతమంటే ప్రాణం. డెబ్బైల చివర, ఎనభైలలో వచ్చిన న్యూ వేవ్ పాటలు, ఆ తర్వాతి ఆల్టర్నేటివ్ రాక్ పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి పెట్టుకునేవాడు. రాజన్న సెలవుకు వచ్చినప్పుడు సబ్బులు, సెంటు సీసాలతో పాటు ఆ క్యాసెట్ల సంచీ కూడా తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "నాకు సమజ్ కాలే బావా. నీకు ఇంగ్లీషు వస్తది గదా, నువ్వు ఇను" అన్నాడట. సార్ విన్నారు. విన్నవాటిని తన దగ్గరే ఉంచుకోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు.

ఆదివారం పాఠం అయ్యాక ఉండదలచిన వాళ్ళను ఉండమనేవారు. నేను మొదటిసారి ఉండిపోయిన మధ్యాహ్నం ఇప్పటికీ చెవుల్లో ఉంది. టేప్ రికార్డర్ బటన్ నొక్కారు. ముందు ఒక మోత, గోడకు తల కొట్టుకుంటున్నట్టు. తర్వాత బావిలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు. పాడుతున్నాడా, సాక్ష్యం చెబుతున్నాడా తెలియలేదు. ఆ వయసులో నాకొక అవస్థ ఉండేది. ఉన్నట్టుండి ఛాతీ బిగుసుకుపోయేది, ఊపిరి అందేది కాదు. అమ్మానాన్నలకు కూడా చెప్పలేదు. ఆ పాట వింటుంటే అచ్చంగా అదే మొదలైంది.

"సార్, బంద్ చేయండి. నాకు భయమైతుంది" అన్నాను.

ఆయన ఆపలేదు. శబ్దం మాత్రం తగ్గించారు. "ఆయనకు గూడ భయమే అయితుంది బిడ్డా. అందుకే పాడుతుండు. గొంతు ఇడిసిపెట్టు, కింద మోగే లావు తీగ గిటార్ ఉంది సూడు, గది ఇను. గది ఎక్కడికీ పోదు. గొంతు ఎంత వణికినా గది దాని పని అది చేస్తనే ఉంటది."

విన్నాను. గొంతు కింద ఆ తీగ నడుస్తూనే ఉంది. కాసేపటికి నా ఊపిరి దానితో కలిసింది. ఏ మందుమాత్రా చేయలేని పని ఆ లావు తీగ నాదం చేసింది.

ఆదివారాల సభకు సార్ పెట్టిన నియమం ఒకటే. పాట అయ్యాక 'బాగుంది' అనకూడదు. "బాగుంది అంటే తలుపు మూసినట్టు. నీకేమైందో చెప్పు" అనేవారు. రెహానా ఒకసారి "మా ఇంట్ల కరెంటు పోయినప్పుడు అందరు ఒక్కసారే సప్పుడు చేయకుండ అయిపోతరు సార్, గట్ల అయింది" అంది. సార్ ఆ మాటను నెలల తరబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయారు.

ఫ్యాక్టరీ మూతబడిన రోజు మరువలేనిది. మా ఊరికి ఆ సైరనే గడియారం. అన్నం పొయ్యి మీద పెట్టడం, పిల్లల్ని బడికి తోలడం అన్నీ దాని కూతతోనే. ఆ రోజు సైరన్ మోగలేదు. క్వార్టర్స్ సందుల్లో జనం బయటికొచ్చి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. సార్‌కు ఏదైనా తెలిసి ఉంటుందని పది మంది కార్మికులు ఆయన వరండాలోకి వచ్చారు. మేము లోపల పుస్తకాలు ముందేసుకుని గుండెలు చిక్కబట్టుకుని కూర్చున్నాం.

"నాకేం తెల్వదు. నాకు గూడ కాళ్ళు వణుకుతున్నయి" అన్నారు సార్.

ఎవరూ కదల్లేదు. ఏం చేయాలో తోచక ఆయన టేప్ రికార్డర్ తెచ్చి వరండా గట్టు మీద పెట్టారు. బాయిలర్ దగ్గర పనిచేసే వెంకట్రాములుకు కోపం వచ్చింది. "సారూ, గిప్పుడు పాటలా?"

"ఇది మిల్లులు మూతబడ్డ ఊరి పిలగాండ్లు కట్టిన పాట రాములు. వాళ్ళవి బట్టల మిల్లులు. మనది చెరుకు. ఒక్కసారి ఇను. వద్దంటే బంద్ చేస్త."

బటన్ నొక్కారు. గిటారు ఇనుప రేకు మీద గీసినట్టు మోగింది. అయిపోయాక వెంకట్రాములు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మాట ఒక్కటి సమజ్ కాలే గని, గీ పిలగానికి గూడ రేపటి సంగతి తెల్వనట్టుంది" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మా కంటే ముందే వచ్చి గట్టు మీద కూర్చునేవాడు.

సార్ ఎలాంటి మనిషో నాకు పూర్తిగా తెలిసింది మాత్రం వాగులో బస్సు ఆగిపోయిన రోజున. నిజామాబాద్‌లో సైన్స్ ప్రదర్శనకు మమ్మల్ని తీసుకెళ్ళి తిరిగి బోధన్ తీసుకొస్తున్నారు. ముసురు పట్టి రోడ్డు మీద వాగు పారుతోంది. దాటగలమనుకుని డ్రైవర్ ముందుకు పోనిచ్చాడు. నడిమధ్యలో ఇంజను ఆగింది. నీళ్ళు ఫుట్‌బోర్డు ఎక్కాయి. తర్వాత సీట్ల కిందికి వచ్చాయి. ఎవరిదో చెప్పు మా కాళ్ళ మధ్య తేలుతూ వెళ్ళింది. కండక్టర్ బస్సు పైకెక్కి పొలాల్లోకి కేకలు వేస్తున్నాడు. బస్సు ఒక పక్కకు కొంచెం జరిగినప్పుడల్లా ఆడవాళ్ళు దేవుళ్ళను పిలుస్తున్నారు.

రెహానా ఏడుస్తూ అడిగింది. "సార్, ఏమైతది మనకు?"

సార్ రెండు చేతులతో ముందు సీటు కమ్మీని పట్టుకుని ఉన్నారు. పెదవులు తెల్లబడ్డాయి. "తెల్వదు బిడ్డా. నాకు మస్తు భయమైతుంది."

పక్క సీటులో ఉన్న ముసలమ్మ ఆయన మీద కోప్పడింది. "పిల్లలతోని గట్లంటరా సారూ! జర ధైర్నం చెప్పాలె గని!"

"అబద్ధం చెప్తే ఈళ్ళు ఎవరికి వాళ్ళే భయపడ్తరు అవ్వా. నిజం చెప్తే అందరం కలిసి భయపడ్తం" అన్నారు సార్.

అలా అని కమ్మీ మీద వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టారు. మేమెరిగిన ఒక పాటలోని డ్రమ్ముల వరుస అది. వేళ్ళు వణుకుతున్నాయి, తాళం మాత్రం తప్పడం లేదు. నేను కలిపాను. రెహానా వెక్కుతూనే నోటితో గిటారు మోత అందుకుంది. మిగతా పిల్లలు సీట్లు చరిచారు. ముసలమ్మ కూడా కాసేపటికి చేతికర్రతో బస్సు రేకును తాటించింది. నీళ్ళు మోకాళ్ళకు చేరాయి. మేము ఆపలేదు. ఆపితే బస్సు కొట్టుకుపోతుందని నాకు గట్టిగా అనిపించింది. చివరికి రైతులు ట్రాక్టరుతో, తాళ్ళతో వచ్చి ఒక్కొక్కరినీ దింపారు. అందరం దిగాక చూస్తే సార్ ఇంకా కమ్మీ పట్టుకుని అక్కడే ఉన్నారు. కాళ్ళు రాలేదు ఆయనకు. ఒక రైతు వీపు మీద మోసుకొచ్చాడు. ఊరంతా ఆ సంగతి చెప్పుకుని నవ్వింది. అందరికంటే బాగా నవ్వించేలా చెప్పింది సారే.

కాలక్రమేణా మేము చెదిరిపోయాం. రెహానా నిజామాబాద్‌లో బట్టల దుకాణం పెట్టుకుంది. నేను ఉపాధ్యాయినినయ్యాను. క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాయి. సార్ మమ్మల్నందరినీ ఒక వాట్సాప్ గ్రూపులోకి చేర్చి ప్రతి ఆదివారం ఒక పాట పంపేవారు. దానితో పాటు ఆయన గొంతు. ఆ పాట ఎక్కడ పుట్టింది, ఏ చోట తన గుండె ఝల్లుమంది చెప్పేవారు. వీటికంటే చాలా ముందు, మా అమ్మాయి మేఘన నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు సార్ బోధన్ నుంచి ఆసుపత్రికి వచ్చారు. పాపను చూడటానికి లోపలికి రాలేదు. "చూస్తే నేను పడిపోత" అన్నారు. వరండా బెంచీ మీద నా పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్‌లో ఒక కొస నా చెవిలో, ఒక కొస తన చెవిలో పెట్టారు. లోపల యంత్రాలు టిక్కుటిక్కుమంటున్నాయి. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయి మరునాడు మళ్ళీ వచ్చారు. పాపను నా చేతికిచ్చే రోజు దాకా అలాగే వచ్చారు.

నిరుడు మేమందరం పోచంపాడ్ వెళ్ళాం. ఆనకట్ట మీద నడుస్తుండగా సార్ గోడ పట్టుకుని కూలబడ్డారు. లోకం తిరుగుతోందన్నారు. ఎత్తులంటే ఆయనకు భయమని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నవ్వుకుంటూ నీళ్ళు తాగించాం. తర్వాత ఒక చెవిలో ఈగ ముసురుతున్నట్టు హోరు మొదలైంది. ఆ చెవి వినికిడి క్రమంగా పోయింది. అప్పుడు గాని అది భయం కాదు, వ్యాధి అని ఎవరికీ తోచలేదు.

నిజామాబాద్‌లో తలకు స్కానింగ్ తీయాలన్నారు. లలితమ్మకు అప్పటికే కళ్ళనీళ్ళు ఆగడం లేదు. నేను వెంట వెళ్ళాను. ఆ గొట్టం లాంటి యంత్రాన్ని చూసి సార్ గుమ్మంలోనే ఆగిపోయారు. "నన్ను గా గొట్టంల పెడ్తరా?" అని చిన్నపిల్లాడిలా అడిగారు. నా చెయ్యి వదలలేదు. చివరికి ఎలాగో పడుకున్నారు. యంత్రం మోత గోడ ఇవతలికి కూడా వినిపించింది. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ కళ్ళు మెరుస్తున్నాయి.

"సుజాతా, లోపల డ్రమ్ మిషన్ ఉందే! అచ్చం ఎనభైల మోత. ఒకటే తాళం, మళ్ళ ఉన్నట్టుండి మారుతది. పాడెటోడే లేడు, లేకుంటే పాటే" అన్నారు. నవ్వుతూనే నా భుజం మీద తల ఆనించి వణికిపోయారు.

మెదడులో గడ్డ అని తేలింది. తీయకపోతే ప్రాణం దక్కదు. తీస్తే మిగిలిన చెవి కూడా పోవచ్చునని హైదరాబాద్ డాక్టర్ చెప్పాడు. ఆపరేషన్‌కు ముందు ఆదివారం మమ్మల్ని బోధన్ రమ్మన్నారు. నేను, మా మేఘన, రెహానా, ఇప్పుడు పండు ముసలి అయిన వెంకట్రాములు వెళ్ళాం. సార్‌కు ప్రాణసమానమైన పాటలన్నీ సిద్ధం చేసుకుని వెళ్ళాం. సార్ వద్దన్నారు.

"గవన్ని నా తలకాయలనే ఉన్నయి. చెవి లేకున్నా వినిపిస్తయి. నేను ఎన్నడూ వినంది ఒక్కటి పెట్టుండ్రి. పోయే ముందు ఈ చెవికి ఒక కొత్త పాట కావాలె."

ఆ కాలపు పాటల్లో సార్ విననిది మాకు ఎక్కడ దొరుకుతుంది? ఒకటి మొదలుపెట్టగానే "ఇది విన్న" అంటారు, ఇంకొకటి, "ఇదీ విన్న". ఆయన గొంతులో ఆందోళన పెరిగింది. కాలేజీలో చదువుతున్న మేఘన ఒక మూల కూర్చుని ఫోన్లో వెతికి వెతికి, ఒకే ఒక్క రికార్డు చేసి విడిపోయిన ఏదో చిన్న బృందం పాట పట్టుకుంది. అందులో ఒక అమ్మాయి పాడింది. సార్ వినిపించే చెవిని స్పీకరుకు ఆనించి కళ్ళు మూసుకున్నారు. సగంలోనే కళ్ళు తెరిచారు.

"ఇన్నేండ్లు ఇది నాకెట్ల దొరకలే? యాడ దాసుకుంది ఇది? మళ్ళ పెట్టు బిడ్డా."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ మళ్ళీ పెట్టింది. చీకటి పడే వేళకు సార్ హఠాత్తుగా మేఘన మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఆ కళ్ళలోని భీతిని నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు, ఆ వాగులో కూడా. "ఇది మర్చిపోతనేమో బిడ్డా. కొత్తది గదా. లోపల నిలుస్తదో లేదో" అన్నారు.

ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది, చెవి నిలవలేదు. స్పృహ వచ్చిన సార్ మా పెదవులు కదలడం చూశారు, తన చెవులు తడుముకున్నారు. అర్థమైంది. ఆ క్షణంలో లలితమ్మ మొహం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. సార్ చేసిన మొదటి పని మేఘనను దగ్గరికి పిలిచి ఆ పాట కూనిరాగం తీయడం. తన గొంతు తనకే వినిపించదు గనుక ఆ రాగం పెద్దగా, వంకరగా వచ్చింది. పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. ఆయన మేఘన మొహంలోకే చూస్తున్నారు, ఔనా కాదా అని. ఔనని తలూపితే బాగుండునని మనసులో వేడుకున్నాను. మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆయన అరచేయి తీసుకుని దాని మీద వేళ్ళతో తాళం వేసింది. సార్ మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ తప్పింది, మళ్ళీ సరిచేసింది. నర్సు వచ్చి చాలనే వరకూ సాగింది. చివరిసారి మేఘన తల నిలువుగా ఊపింది. సార్ దిండు మీద వెనక్కి వాలి, పసిపిల్లాడిలా నిద్రపోయారు.

ఇంటికి వచ్చి కొన్ని వారాలు బతికారు. ఆదివారం పాట పంపడం మానలేదు. గొంతుకు బదులు అక్షరాలు వచ్చేవి. తర్వాత ఒక ఉదయం లలితమ్మ లేపితే లేవలేదు.

మంజీర ఒడ్డున దహనం జరిగింది. పైన మబ్బులు కమ్ముకుని ఉరుముతోంది. అలాంటి ఉరుముల్లో ఆయనను ఒంటరిగా వదిలి రావడానికి నా పాదాలు కదల్లేదు. వచ్చినవాళ్ళందరూ నా భుజం తట్టి అదే మాట అన్నారు. భయపడకు, ధైర్యంగా ఉండు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్ళలో గంగాధర్ సార్ నాతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. నా ఊపిరి అందనప్పుడు గాని, వాగులో గాని, ఆసుపత్రి వరండాలో గాని అనలేదు. నన్ను భయపడనిచ్చి, తానూ నా పక్కనే కూర్చుని భయపడ్డారు. ఆయన నాకు చేసిన మహోపకారం అదే.

గురువర్యా, మీ పాదాలకు తలవంచి నమస్కరిస్తున్నాను. మీ పాటలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీకు తోడుగా ఉన్న ఆ దూరదేశాల భయస్థులు ఇక మాకూ తోడు ఉంటారు. అయినా ఇది రాస్తుంటే నాకు భయంగానే ఉంది. ఆ సంగతి చెబితే "నాకు గూడ బిడ్డా" అని బదులిచ్చే మనిషి నాకు ఇక లేరు.